పైలం అంటే పైలట్ కాదు

మా సినిమాలో అంతరిక్ష నౌకకు గొంతు ఇచ్చింది మా అక్క. ఇప్పుడు ఆ సినిమా చూసేవాళ్లెవరికీ ఈ సంగతి తెలియదు. తెలియకుండా చేసినవాళ్లను తలుచుకుంటే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది. ఆ చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

నిజామాబాద్‌లో పెళ్లిళ్లకు వీడియో తీయడం నా పని. పెళ్లిళ్లు ఉండని మూఢం రోజుల్లో నలుగురు స్నేహితులం కలిసి, చేతిలో ఉన్న కెమెరాతోనే ఒక సైన్స్ ఫిక్షన్ సినిమా తీశాం. కథ చిన్నది. ఎన్నో ఏళ్ల తర్వాత కాలువలో నీళ్లు రాక ఊళ్లన్నీ ఖాళీ అవుతాయి. చివరి నౌక బోధన్ దగ్గరి చెరుకు తోటలోంచి లేస్తుంది. అందులో ఒక పిల్ల ఒక్కతే ఉంటుంది. నౌకే ఆమెతో మాట్లాడుతుంది, భయపడితే ధైర్యం చెబుతుంది, కొత్త నేల మీద దించి తాను ఆరిపోతుంది.

బోధన్ పక్కనే ఎడపల్లిలో బెల్లం వండే కొట్టమే మా నౌక. పాడైన స్టెబిలైజర్లు, మిక్సీ బటన్లు గోడకు బిగించి యంత్రాలు అన్నాం. చీమలు మాత్రం మా మాట వినలేదు. ప్రతి షాట్‌కు ముందు తుడిచినా, జాగ్రత్తగా చూస్తే ఇప్పటికీ అంతరిక్షంలో చీమలు కనిపిస్తాయి.

అక్క మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు ఏరుతుంది. ఆ దుమ్ముకు గొంతు కాస్త బొంగురుపోయింది. నాకు ఆ గొంతే కావాలి. ఆమె ఇంట్లోనే కిటికీలకు బొంతలు కట్టి, ఫ్యాన్ ఆపి, చెమటలు కారుతుంటే రికార్డు చేశాం. చివరి సీనుకు నేను రాసింది "ప్రయాణం పూర్తయింది, సెలవు" అని. అక్క అది చదివి కాగితం పక్కన పెట్టింది.

"గట్ల ఎట్ల పంపుతం తమ్మీ, పొల్లను?" అంది. తర్వాత నేను చెప్పకుండానే, మెల్లగా, "పైలం బిడ్డా" అంది.

మా దిక్కు ఇంట్లోంచి ఎవరు బయలుదేరినా ఉన్నవాళ్లు ఆ మాట అంటారు. జాగ్రత్త అనే అర్థం, కానీ జాగ్రత్త అని పోలీసువాడు కూడా అంటాడు. పైలం అని మాత్రం మనవాళ్లే అంటారు. రెండోసారి చెప్పించలేదు. మా సినిమా మొత్తం ఆ రెండు మాటల మీద నిలబడిందని నాకు అక్కడే తెలిసింది.

హైదరాబాద్‌లో సినిమాలు చూపించే ఒక యాప్ వాళ్లు మాది తీసుకుంటామన్నారు. నౌక గొంతు మాత్రం మార్చాలన్నారు. యాస కామెడీకైతే బాగుంటుందట, అంతరిక్షంలో నడవదట. పరాయి దేశం యంత్రం పరాయి భాషలో మాట్లాడితే వీళ్లు నోరు మూసుకుని చూస్తారు. ఎడపల్లిలో లేచిన యంత్రం ఎడపల్లి మాట మాట్లాడితే వీళ్లకు నవ్వొస్తుంది. ఇదంతా నేను అప్పుడు అనలేదు. ఫోన్‌లో "మీ ఇష్టం సార్" అన్నాను. సినిమా బయటికి వస్తే చాలన్న ఆశ. ఆ 'సార్' గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అక్కకు రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ చెప్పనే లేదు.

వాళ్లు మార్చి పంపిన సినిమాను నిజామాబాద్‌లో ఒక చిన్న హాలులో వేశాం. నేనూ అదే మొదటిసారి చూడటం. అక్క ఆ పూట పని మానేసి, పట్టుచీర కట్టుకుని, యార్డు ఆడవాళ్లను ఐదుగురిని ఆటోలో ఎక్కించుకుని వచ్చింది. తన గొంతు వినిపిస్తానని వాళ్లందరికీ చెప్పుకుంది. నౌక నోరు తెరిచింది. ఎవరిదో నున్నటి గొంతు. అక్క నా వైపు తిరిగి చూసింది. నేను తెర వైపు చూస్తూ కూర్చున్నాను.

చివరి సీను వచ్చింది. కొత్త గొంతుతో చెప్పించడానికి అక్క మాటలు విని రాసుకున్న మహానుభావుడెవరో గానీ పైలం అన్న మాట ఎరగడు. అంతరిక్షం సినిమా కదా, పైలట్ అయి ఉంటుందనుకున్నాడు. ఒక్క ఫోన్ చేసి అడిగే ఓపిక కూడా లేకపోయింది. పిల్ల కొత్త నేల మీద కాలు పెడుతుంటే ఆ నున్నటి గొంతు "పైలట్ బిడ్డా" అంది. హాలంతా గొల్లున నవ్వింది.

బయటికొచ్చి యాప్ అతనికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. అతను చల్లగా విన్నాడు. ఒక్క మాటే కదా, జాగ్రత్త అని మారుస్తాం లెండి అన్నాడు. ఇంతకీ ఆ మాటకు అర్థమేంటని అప్పుడు అడిగాడు. ఫోన్ పెట్టేశాను.

వెనక్కి తిరిగితే అక్క. తోటివాళ్లు అప్పటికే ఆటో ఎక్కారు. వాళ్లకు వినపడకుండా గొంతు తగ్గించి అడిగింది.

"నువ్వు పైలట్ అనుమంటే నేను పైలం అన్ననా తమ్మీ?"

"లేదక్కా. నువ్వు మంచిగనే అన్నవు."

"మరి నన్నెందుకు తీసేసిండ్రు?"

వాళ్లు అడిగితే ఒప్పుకుంది నేనేనని అప్పుడు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"నాకొక మాట చెప్తే, వాళ్లు ఎట్ల అనుమంటే గట్లనే నేర్సుకొని అందును గద" అని, కొంగు సర్దుకుని వెళ్లి ఆటోలో కూర్చుంది.