తల అప్పగించే పరీక్ష

నేను నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది. మా తోడికోడలు నోరు తెరవదు, విజిల్ ఊదుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలోనే మున్సిపల్ ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పే పనిలో చేరింది. నీళ్ళలో కలిపే మందుకి జుట్టు కొబ్బరిపీచులా తయారైంది. "ఈ జీతానికి ఇంత తడవాలిటే?" అంటే నవ్వి ఊరుకుంటుంది. ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండుతుంది.

బాగా ఈదే పిల్లలతో ఆమె ఒక దళం పెట్టింది. కొలనులో ఎవరైనా మునిగితే దూకి లాగేది వాళ్ళే. ఏటా దానికో నాయకుడు. నాయకుడు కావాలంటే వేగం ఒక్కటే చాలదు. మునిగి స్పృహ తప్పినవాడిలా నీళ్ళలో ఒళ్ళు వదిలేయాలి. దళంలో ప్రతి ఒక్కరూ వంతులవారీగా గడ్డం కింద చెయ్యి వేసి గట్టుకు లాక్కెళ్తుంటే కాలు కూడా ఆడించకూడదు. ఇదేం చోద్యమమ్మా అనుకున్నాను.

ఆ ఏడు నాయకత్వానికి నా కొడుకు నిలబడ్డాడు. వాడు ఈతలో చేపపిల్లే. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు, మావాడే నాయకుడని నేను అప్పుడే వీధంతా చాటేశాను.

పరీక్ష రోజు ఏం జరిగిందో తర్వాత వాడే చెప్పాడు. అందరి వంతూ అయింది. తాబేలు మిగిలాడు. దళంలో అందరికన్నా నిదానం కాబట్టి ఆ పేరు. వాళ్ళ నాన్న అక్కడ బట్టలు మార్చుకునే గదులు కడుగుతాడు. తాబేలు చెయ్యి వేయగానే మావాడు మెడ బిగించాడు, కాళ్ళు తన్నాడు.

"ఒళ్ళు వదిలెయ్యమన్నాను. పెళ్ళికొడుకులా బిగుసుకుపోతావేంట్రా?" అంది మా తోడికోడలు.

"వీడు నన్ను ముంచేస్తాడు పిన్నీ! గదులు కడిగేవాళ్ళ పిల్లాడు నన్ను లాగడమేంటి?"

తాబేలు తల దించుకున్నాడు. ఆమె గొంతు పెంచలేదు. "నాయకుడివైతే రేపు వీణ్ణి నీళ్ళలోకి పంపేది నువ్వే. నీ తల అప్పగించలేని చేతికి పరాయి బిడ్డ తల ఎలా అప్పగిస్తావురా? ఇవాళ్టికి ఇంతే, ఇంటికి పో."

ఇంట్లో నేను ఊరుకుంటానా! "సొంతవాళ్ళకే ఎసరు పెడతావా? వాడు నీకేమీ కాడా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఆమె తువ్వాళ్ళు మడతపెడుతూ, "నా బిడ్డే అక్కా. అందుకే వదిలిపెట్టలేను," అంది. నేను విసురుగా వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు మోగించాను.

మర్నాడు నేనూ వెళ్ళి గట్టున కూర్చున్నాను. మావాడు తాబేలు దగ్గరికి తనే వెళ్ళి, "తప్పయింది రా. లాగు," అన్నాడు. వెల్లకిలా పడుకున్నాడు. సగం దూరంలో ముక్కు మీదుగా నీళ్ళు పోయాయి. నేను లేచి నిలబడ్డాను. వాడు కాలు కదపలేదు. తాబేలు నిదానంగా, వాడి తల పైకెత్తి పట్టుకుని, గట్టుకు చేర్చాడు.

"ఎలా ఉన్నాడ్రా?" అని అడిగింది ఆమె.

"బరువంతా ఇచ్చేశాడు టీచర్," అన్నాడు తాబేలు. తర్వాత నసిగాడు. "టీచర్, ఆ పరీక్షకు... నేనూ నిలబడొచ్చా?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. మా తోడికోడలు మాత్రం నవ్వలేదు. మొహం ఎర్రబడింది. "నిన్ను అడగాలని నాకే తట్టలేదురా. అందరికీ చెప్పే నాకే తట్టలేదు. తప్పు నాది," అంది అందరి ముందూ. పిల్లల ముందు అలా తలవంచిన పెద్దవాళ్ళను నేను చూడలేదు. ఎంత పోట్లాడినా, ఆ క్షణాన ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది.

తాబేలు నీళ్ళలో పడుకున్నాడు. ముందుగా దూకింది మావాడే. ఎవరు లాగినా తాబేలు ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. ఎప్పుడూ తనను చూసి నవ్వే ఆ పిల్లల చేతుల్లో, ఇంట్లో మంచం మీద ఉన్నంత ధైర్యంగా పడుకున్నాడు. పరీక్ష ఇద్దరూ నెగ్గారు. ఎవరు నాయకుడో దళమే తేల్చుకోవాలంది ఆమె. చేతులెత్తమంటే అందరికన్నా ముందు మావాడి చెయ్యే తాబేలు వైపు లేచింది. మిగతా చేతులూ వెంట లేచాయి.

దారిలో నాకు కడుపు మండిపోయింది. "చేతికందింది వదులుకున్నావు కదరా! అంత నిదానస్తుణ్ణి నాయకుణ్ణి చేస్తావా?"

మావాడు తల తుడుచుకుంటూ ఆగాడు.

"వాడి చేతిలో ఒక్కసారి పడుకుని చూడమ్మా," అన్నాడు. "ఆ తర్వాత తిట్టు."