పేరు పెట్టి పిలవరాని కుక్క

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక వచ్చిన మొదటి ఉగాది. దాని మరుసటినాడు, పొద్దు బారెడెక్కిన వేళ, వేముల గుట్టల కింద బీడు భూమిలో నిలబడి నేను నా మొగుని పేరు గొంతు చించుకొని అరిచినాను. మళ్లీ ఎన్నడూ అరవలేదు. మొన్న మా మనవరాలు వంటింట్లో నుంచి మొగుణ్ణి పేరు పెట్టి పిలిచి టీ తాగుతావా అని అడిగితే నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వినావని ఆ పిల్ల అలిగింది. అలిగితే అలగనీ, చెప్తాను. అరవై దాటినాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఏదైనా రాస్తాను. ఆ పేరు మాత్రం ఇక్కడా రాయను.

అది అసలు మా మామ వాళ్ల నాయన పేరు. ఆయన పోయినాక పుట్టిన మనవళ్లు ముగ్గురికీ అదే పెట్టినారు. మా ఆయన పెద్దోడు. చిన్నాయన కొడుకులు నడిపోడు, చిన్నోడు. ఇంట్లో అట్లే పిలిచేవాళ్లు. అసలు పేరు ఎవరి నోటా వచ్చేది కాదు. అట్లాంటి ఇంటికి మా ఆయన, ప్రొద్దుటూరులో జట్కా తోలే సాయిబు దగ్గర నుంచి ఒక వేటకుక్క పిల్లను తెచ్చినాడు. సన్న నడుము, పొడుగు కాళ్లు, ఎండుగడ్డి రంగు. సాయిబు దానికి ముందే ఒక పేరు అలవాటు చేసినాడు. అదే పేరు! మారుద్దామని మా అత్త ఏ పేరు పెట్టినా అది చెవి కూడా ఆడించలేదు. అత్తకు అది మామగారి పేరు, నాకు మొగుని పేరు, ఇద్దరం పలకరాదు. పోనీ నువ్వన్నా అదిలించమని అత్త అంటే మామ తల పట్టుకున్నాడు. "మా నాయన పేరు పెట్టి ఛీ పో అని యెట్ల అనేదే?"

ఆ కుక్క ఒక్క తావున నిలిచేది కాదు. కోళ్ల గంపలు దొర్లించేది, ఆరేసిన పంచెను వీధి చివరి దాకా ఈడ్చుకొని పోయేది. మా ఆయన కుందేలు తోలులో గడ్డి కూరి, తాడు కట్టి, కళ్లంలో ఈడ్చుకొని పరిగెత్తేవాడు. కుక్క దాని వెంట పడాలి, పేరు పిలవగానే నిలిచిపోవాలి. వెంటపడేది ఒక్క పూటలో నేర్చింది. నిలబడేది మాత్రం నేర్వలేదు. "యాడికిరా పోతాండావు!" అని ఆయన రొప్పుతూ కూలబడేవాడు. అది తోలు చింపి గడ్డి కళ్లమంతా చల్లేది. నేను మాత్రం సంగటిలో మజ్జిగ పోసి, మా ఆయనను పిలిచినట్లే "ఇదో" అనేదాన్ని. ఇద్దరూ వచ్చేవాళ్లు.

"నన్ను పిలిస్తివా, కుక్కను పిలిస్తివా?" అని ఆయన ఉరిమి చూసేవాడు.

"ముందొచ్చినోళ్లకే సంగటి."

ముందొచ్చేది కుక్కే.

ఒకనాడు అది గొర్రెల మంద మీద పడి ఒక గొర్రెపిల్ల తొడ కరిచింది. కాపరి వచ్చి మా వాకిట్లో గొడ్డలి ఆనుకొని నిలబడినాడు. "మామా, ఇంగొకసారి నా మంద జోలికొచ్చిందా, ఈ గొడ్డలితోనే. మళ్ల నన్ను అనేది లేదు."

"కొట్టప్పా, తప్పు మా కుక్కదే" అన్నాడు మామ. ఆ పొద్దు నా పాలు సంగటి కూడా కుక్కకే పెట్టినాను.

ఉగాది మరుసటినాడు మొగోళ్లు వేటకు పోతే, నేను చద్ది గంప మోసుకొని వెనకాలే పోయినాను. చెనిక్కాయ పీకిన బీట్లో కుందేలు లేచింది. గట్టుకు అవతల నుంచి మావాళ్లు "ఉస్కో! ఉస్కో!" అని అరుస్తున్నారు. కుందేలు గట్టు దాటి, నేనున్న వైపు కాపరి మేపుతున్న మందలో దూరింది. గొర్రెలు చెదిరినాయి. కుక్క కుందేలును విడిచి ఒక గొర్రెపిల్ల వైపు మళ్లింది. కాపరి గొడ్డలి ఎత్తినాడు. గట్టు అడ్డమై మావాళ్లకు ఇదేమీ కనబడలేదు, ఇంకా ఉసిగొల్పుతూనే ఉన్నారు. "ఇదో, ఇదో" అని నేను పిలిచేది ఆ అరుపుల్లో మునిగిపోయింది. గంప కింద పడేసి ఆ పేరు అరిచినాను.

ఉసిగొల్పేది టక్కున ఆగిపోయింది. గట్టు మీదికి ముగ్గురు ఎక్కివచ్చి కొయ్యల్లాగా నిలబడినారు, పెద్దోడు, నడిపోడు, చిన్నోడు. కుక్క ఒక్కటే నిలబడలేదు. నా నోట ఆ పేరు అది ఎన్నడు వినింది గనక? కానీ ఇప్పుడు బీట్లో చప్పుడు లేదు. మామూలు గొంతుతోనే "ఇదో" అన్నాను. కుక్క కాళ్లు తన్నిపెట్టి ఆగింది. చెవి తిప్పింది. గిర్రున వెనక్కు వచ్చి, గంపలో నుంచి దొర్లిన సంగటి ముద్దల మీద పడింది.

కాపరి గొడ్డలి దించినాడు. "అంత పేరు పెట్టి పిలిస్తే రానిది, ఇదో అంటే వచ్చెనా!" అని నవ్వినాడు. మామ ఆయాసపడుతూ గట్టెక్కి నా దగ్గరికి వచ్చినాడు. "మా నాయన బతికుండంగ గూడా ఆయన పేరు ఇంత గట్టిగా ఎవురూ పిలవలే." అది తిట్టో మెప్పో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంటికి పోయే దారిలో మా ఆయన మెల్లగా నా పక్కకు జరిగి, "ఇంగోసారి అను" అన్నాడు. నేను గంప ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకొని ముందుకు నడిచినాను. ఆ తర్వాత ఏ వేటకైనా నేను లేకుండా ఆ కుక్కను విప్పలేదు.

ఆ పొద్దు అక్కడ ఉన్నది మా మామ, మా ఆయన, నడిపోడు, చిన్నోడు, గొర్రెల కాపరి, కుక్క, నేను. నన్ను తప్ప అందరినీ కాలం తీసుకొని పోయింది. ఆ కాలానికీ ఒక పేరుంటే, నిలుస్తుందేమోనని పెట్టి పిలిచి చూసేదాన్ని.