పెట్టబోయి ఆగిన ఇడ్లీ

చట్టంలో ఒక మాటకు హద్దు గీయకపోతే అది ఎవరిదాకా వస్తుందో నేను ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూంలో చూశాను. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

పక్కన కూర్చున్న తెలుగు పెద్దావిడ అక్కడి హైకోర్టు పని మీద వచ్చింది. జబ్బుపడిన పొరుగామెకు రోజూ గంజి కాచి ఇచ్చి, ప్రార్థన చేసిందట. మతం మార్చడానికి ప్రలోభపెట్టిందని కేసు పెట్టారు.

"రాజ్యాంగం మతస్వేచ్ఛ ఇచ్చిందమ్మా," అన్నాను, లైబ్రరీలో చదివిన ధీమాతో.

"అచ్ఛా! మరి ఈ మతమార్పిడి చట్టంలో ప్రలోభమంటే ఏటని రాసినారు బాబూ?"

"బహుమతి ఇవ్వడం అని ఉంది. గంజి బహుమతో కాదో జడ్జిగారే తేల్చాలి."

ఆమె డబ్బా విప్పి, అలవాటుగా మొదటి ఇడ్లీ నావైపు చాచింది. చటుక్కున వెనక్కి తీసుకుంది.

"వద్దులే నాయనా, నీకు పెట్టినా కేసేనేమో."

నేను చెయ్యి చాపాను. ఆమె గదంతా ఒకసారి చూసి, అప్పుడు పెట్టింది.

పుస్తకాలిచ్చిన లైబ్రేరియన్ అప్పారావుగారికి, ఇది రాయమన్న మా సూరమ్మక్కకు కృతజ్ఞతలు. ఇడ్లీ పెట్టినామె పేరు కూడా తెలుసు. కేసు తేలేదాకా రాయను.