మొక్కు కోడిని మూయని సాయంత్రం

చీకటి పడేలోపు కోళ్లను గూట్లో పెట్టి మూయాలా వద్దా అన్నది మనుషులు తగాదా పడాల్సిన విషయమేనా? మా ఇంట్లో అయింది. ఏడాది పాటు అయింది.

తొంభైల చివరి మాట. అలిపిరికి పోయే దారిలో, పెరట్లో నిలబడితే కొండ కనిపించే పెంకుటింట్లో ఉండేవాళ్లం. మా అత్త ఏడెనిమిది కోళ్లు పెంచేది. వాటికి ఇటుకలు పేర్చి పైన బండ పరిచిన గూడు ఉండేది. పగలంతా బడిలో పిల్లల మీద అరిచి వచ్చి, సందెపూట ఈ కోళ్ల మీద అరవడం నా వంతు. నూకలు చల్లి, ఒక్కోదాన్నీ లోపలికి తోసి, చెక్క అడ్డం పెట్టి, దానికొక రాయి ఆనించాలి. కొండ దగ్గర కాబట్టి అడవిపిల్లి భయం. అంతవరకూ ఎవరికీ పేచీ లేదు.

పేచీ మా పాపకు అమ్మవారు పోసినప్పుడు మొదలైంది. నాలుగేళ్ల పిల్ల, ఒళ్లంతా పొక్కులు. మా అత్త వేపమండల పక్కన రాత్రీ పగలూ కూర్చుని, బిడ్డ లేచి తిరిగితే వచ్చే జాతరకు ఇంట్లో పెంచిన పుంజును గంగమ్మకిస్తానని మొక్కుకుంది. పాప లేచి తిరిగింది. మా అత్త పెట్ట వెనక తిరిగే పిల్లల్లో ఒక ఎర్ర పుంజుపిల్లను ఎంచి, కాలికి పసుపుగుడ్డ కట్టింది. ఆ రోజు నుంచి అది కోడి కాదు, ఇంటికొచ్చిన కొత్తల్లుడు.

"దాన్ని గూట్లో మూయగూడదు మే. అమ్మకు ఇడిసిన కోడి. అమ్మ సొత్తును అమ్మే సూసుకుంటాది."

"ఆ సంగతి అడవిపిల్లికి ఎవరు చెప్తారత్తా?"

"సదువుకున్నదానివి గదా, నువ్వే సెప్పు పో."

పుంజు పెరిగింది. పొద్దు వాలగానే మునగచెట్టు ఎక్కేది. దాని వెనకే పెట్టలన్నీ ఎక్కేవి. నేను చీపురుకట్ట పట్టుకుని చెట్టు కింద గెంతుతుంటే గోడవతలి వాళ్లు నవ్వుకునేవారు. ఒక్క నెలలో రెండు పెట్టలు పోయాయి. "అవి అమ్మవి కాదు గదా, అందుకే పొయ్యినాయి" అంది మా అత్త. నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మొక్కింది ఇంట్లో పెంచిన పుంజును. అది పోతే సంతలో ఇంకోటి కొనిచ్చినా చెల్లదట. మొక్కు తప్పితే పాపకు ఏమవుతుందోనన్న భయం నాకు లేదనే చెప్పేదాన్ని, చదువుకున్నదాన్ని కాబట్టి. నిజానికి ఉండేది. అందుకే మా అత్త పక్కింటికి టీవీ సీరియల్ చూడటానికి పోగానే స్టూలు వేసుకుని ఎక్కి పెట్టల్నీ, పుంజునూ దించి గూట్లోకి తోసేదాన్ని. తెల్లవారుజామున ఆమె లేచేలోపు గూటి చెక్క తీసేసేదాన్ని. పెట్టలు బుద్ధిగా వచ్చేవి. కొత్తల్లుడు మాత్రం రోజూ గీరేవాడు. చేతుల మీద గీతలేమిటని బడిలో అడిగితే గులాబీ ముళ్లని చెప్పాను. ఇలా ఆరు నెలలు గడిచాయి.

జాతర ఇంక పది రోజులుందనగా, మా అత్త పాలు పోసే ఆమెతో గడపలో కబుర్లు పెట్టుకుంది.

"సూడు, ఒక్క దినం మూసింది లేదు. ఎట్ల కాపాడుకుంటా ఉండాదో అమ్మ! మా కోడలికే నమ్మకం లేదు."

నేను వంటింట్లో చేతికి కొబ్బరినూనె రాసుకుంటున్నాను. ఒళ్లు మండిపోయింది. గీరించుకునేది నేను, పేరు మాత్రం ఆ గంగమ్మ తల్లికి. సరే, ఇవాళ ఆమే చూసుకోనీ అనుకున్నాను. ఆ సాయంత్రం పెట్టల్ని మూసి, పుంజును చెట్టు మీదే వదిలేశాను.

పొద్దున చెట్టు కింద ఎర్రటి ఈకలు, పసుపుగుడ్డ.

మా అత్త అక్కడే కూలబడింది. పాపను ఒళ్లోకి లాక్కుని నుదురూ మెడా వీపూ తడిమింది, మళ్లీ పొక్కులేమైనా లేచాయేమోనని. అది చూసి ఉండబట్టలేక అంతా చెప్పేశాను, ఆరు నెలల సంగతీ, నిన్నటి సంగతీ. తిట్లకు సిద్ధపడే చెప్పాను.

"నాకు తెల్దనుకుంటివా?" అంది. "సెట్టుమింద కూసే కోడికీ, గూట్లో కూసే కోడికీ తేడా తెల్దా? మొక్కినదాన్ని నేను, నా సేత్తో మూయగూడదు. నువ్వు మూస్తావులే అనే గదా నేను నిమ్మళంగా పోయి ఆ సీరియల్ సూస్తా ఉన్నింది!"

"మరి పాలామెతో అట్లెందుకు చెప్పినావత్తా?"

"అమ్మ వింటా ఉంటాది గదా మే."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె కళ్లు తుడుచుకుని, ఏడాది గడువిమ్మని గంగమ్మను అడుక్కోవడానికి స్నానానికి లేచింది. నేను ఆ ఈకలు ఏరుతూ కూర్చున్నాను. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఆరేళ్లలో ఆమె నన్ను నమ్ముతుందని నాకెవరూ చెప్పలేదు. ఆమె అసలే చెప్పలేదు. ఆ ఒక్క మాట ఒక్కరోజు ముందు అని ఉంటే, ఎంత కోపంలో ఉన్నా స్టూలు వేసుకునేదాన్ని.