భయానికి రొట్టె

ఒబ్దూలియా పిండి గోదాములోకి ఎప్పుడు వెళ్ళినా తలుపుకు వెన్న డబ్బా ఒకటి అడ్డం పెట్టి వెళ్తుంది. నిండు డబ్బానే పెడుతుంది. ఖాళీదైతే తలుపు దాన్ని తోసేసి మూసుకుపోతుందని ఆమె భయం. ఆమెతోపాటు అల్బొరాదా రొట్టెల దుకాణంలో పనిచేసే కుర్రకారు ఆ డబ్బాకు 'ఒబ్దూలియాగారి మొగుడు' అని పేరు పెట్టారు. అసలు మొగుడు ఇల్లు వదిలిపోయి చాలా కాలమైంది. అందుకని ఆమె కూడా నవ్వేసి, "వాడికన్నా వీడే నయంలెండి, పెట్టినచోట ఉంటాడు" అంటుంది. అలా అంటూనే డబ్బాను ఇంకో జానెడు లోపలికి జరుపుతుంది.

మెక్సికో నగరమంతా ఊగిపోయిన ఆ భూకంపం రోజున ఆమె ఆ గోదాములోనే ఉంది. గోడ ఒరిగి తలుపు బిగుసుకుపోయింది. బయటివాళ్ళు గడ్డపారలతో పగలగొట్టేసరికి సాయంత్రమైంది. నెత్తి నుంచి కాళ్ళ దాకా పిండి కొట్టుకుని, అరిచి అరిచి గొంతు పోయి బయటికొచ్చిన మనిషికి ఎవరో ఒక రొట్టె అందించారు. మా ఊళ్ళో అదే పద్ధతి. కుక్క వెంటపడినా, బస్సు గుద్దబోయి తప్పినా, జడుసుకున్న మనిషికి ముందు బొలీయో ఒకటి చేతిలో పెడతాం. పొట్టి రొట్టె, పైన ఒక గాటు, బయట కరకర, లోపల మెత్తన. అది తింటే భయం కడుపులోకి దిగి అణిగిపోతుందని నమ్మకం. ఒబ్దూలియా తిన్నది. ఇంటికెళ్ళాక తల్లి రెఫూహియో ఏమైందని అడగలేదు.

"రొట్టె తిన్నావా?"

"తిన్నానమ్మా."

"మరింకేం. ముఖం కడుక్కుని రా, చిక్కుడుగింజలు చల్లారిపోతున్నాయి."

అక్కడితో ఆ ఇంట్లో భూకంపం అయిపోయింది. ఒబ్దూలియాకు మాత్రం అవలేదు. స్నానాల గదిలో గడియ వేసుకునే ధైర్యం లేదు. మెట్రో రైలు సొరంగంలో కాసేపు ఆగిందంటే ఒళ్ళంతా చెమటలు పడతాయి. ఇంట్లో చెప్పుకుందామంటే రెఫూహియో దగ్గర ఆ మాటే ఎత్తకూడదు. ఆవిడ తమ్ముడు ఫెర్మీన్ కుర్రతనంలో ఒకసారి డాక్టరు దగ్గర నోరు విప్పాడట, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటోందని. అతన్ని పిచ్చాసుపత్రిలో పెట్టారు. మళ్ళీ ఇంటి ముఖం చూడలేదు. అప్పటినుంచి ఆవిడ దృష్టిలో నోరు విప్పిన మనిషి మనకు దక్కడు. కూతురి మీద ప్రేమ లేక కాదు, ఉండబట్టే ఆ నోరు అంత గట్టిగా మూయిస్తుంది.

చివరికి ఒబ్దూలియా తల్లికి తెలియకుండా పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది. గురువారం గురువారం, శాలువా అల్లడానికి నూలు కొనుక్కొస్తానని చెప్పి వెళ్తుంది. ఇంటికి నూలు వచ్చింది లేదు, శాలువా పెరిగింది లేదు. ముసలావిడ ఏనాడూ అడగలేదు. ఈ సంగతి ఒబ్దూలియా చెప్పుకున్నది ఒక్క కూతురు ఈత్సెల్‌తోనే.

ఈత్సెల్ది వేరే తరం. దానికి మనసు బాగాలేకపోతే ముక్కూముఖం తెలియనివాళ్ళకు కూడా ఫోన్లో చెప్పేస్తుంది. జలుబు చేసిందన్నంత తేలిగ్గా చెబుతుంది. ఈ మధ్యే అల్బొరాదా కంపెనీ ప్రచార విభాగంలో చేరింది. పాత యజమానులకు రొట్టె అమ్ముడుపోతే చాలు. ఇప్పటి పిల్లలు కొనాలంటే రొట్టెకు మనసు కూడా ఉండాలని కొత్తవాళ్ళు కనిపెట్టారు. సెప్టెంబరులో ఊరంతా భూకంపం డ్రిల్లు చేసే రోజున, వీధిలోకొచ్చిన జనానికి రొట్టెలు పంచుతూ ఒక వీడియో తీయాలన్నారు. దాని కింద వేసే మాట ఈత్సెల్ రాసింది: 'భయాన్ని మింగకండి, చెప్పండి.' రొట్టెలమ్ముకునేవాళ్ళు మింగొద్దని చెప్పడమేమిటని ఆ ఆఫీసులో ఒక్కరికీ తట్టలేదు.

ఒకరోజు ఈత్సెల్ తల్లి పక్కన చేరి గిన్నెలు తుడుస్తూ మొదలుపెట్టింది.

"అమ్మా, కోప్పడనంటే ఒకటి చెప్తాను. మా బాసు ఉలీసెస్‌కి నీ సంగతి చెప్పాను."

"ఏ సంగతే?"

"గోదాము సంగతి. గురువారాల సంగతి. మా దుకాణంలోనే ఇలాంటి మనిషి ఉందా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు తెలుసా. వీడియోలో నువ్వే చెప్పాలంటున్నాడు."

"నీ ఒక్కదానికే కదే చెప్పుకున్నాను."

"ఇందులో సిగ్గుపడేదేముందమ్మా? నీలాంటోళ్ళు ఎంతమంది లోపల్లోపల కుళ్ళిపోతున్నారో."

"అమ్మమ్మ చూస్తే?"

"చూడనీ. ఆవిడకీ కాస్త జ్ఞానం వస్తుంది." ఆ పైన ఈత్సెల్ గొంతు తగ్గించింది. "నన్నింకా పర్మనెంటు చెయ్యలేదమ్మా. బలవంతమేం లేదన్నాడు ఉలీసెస్. కాకపోతే నిన్ను చూపించే ఈ వీడియోకి పైవాళ్ళని ఒప్పించాడట."

బలవంతం లేదని చెప్పి చేసేంత బలవంతం ఇంకోటి లేదు. మాట్లాడితే తల్లి గుండె ఆగుతుంది, మాట్లాడకపోతే కూతురి ఉద్యోగం పోతుంది. ఒబ్దూలియా కొన్నాళ్ళు అన్నం సయించక తిరిగింది. అయితే ఒక విచిత్రం జరిగింది. దుకాణంలో ఎవరూ లేనప్పుడు రొట్టెల అరల ముందు నిలబడి ఆ మాట అనుకుని చూసింది. "నాకు మూసిన తలుపంటే భయం. డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను." మెల్లగానే అంది గానీ ఛాతీలో ఏదో కాస్త వదులైంది. ఇంకోసారి అంది. కంపెనీ కోసమో, ఈత్సెల్ కోసమో కాదు, తన కోసమే ఒక్కసారి పైకి అనాలనిపించింది. తల్లితో తర్వాత సంగతి తర్వాత.

డ్రిల్లు రోజున ఆమెను దుకాణం ముందు నిలబెట్టారు. ఉలీసెస్ చాలా మర్యాదస్థుడు, మైకు తగిలించేటప్పుడు కూడా అనుమతి అడిగాడు.

"సైరను మోగగానే మొదలుపెట్టండి ఒబ్దూలియాగారూ. కంగారేం లేదు, మీ మాటల్లో మీరు చెప్పండి."

స్తంభం మీది లౌడ్‌స్పీకరులోంచి సైరను ఊళ పెట్టింది. ఇళ్ళలోంచి, ఆఫీసుల్లోంచి జనం వీధిలోకి వచ్చేశారు. ఉత్త డ్రిల్లేనని ఒబ్దూలియాకు తెలుసు. అయినా ముక్కు నిండా పిండి వాసన కొట్టింది. నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. ఎదురుగా ఈత్సెల్ చెప్పమని సైగ చేస్తోంది. అంతలో గుంపులో ఉన్న ఒక పెద్దావిడ పాలిపోయిన ఆ ముఖం చూసి, "అయ్యో, జడుసుకున్నావా అమ్మా" అంటూ పంచే బుట్టలోంచి ఒక రొట్టె తీసి ఒబ్దూలియా చేతిలో పెట్టింది. ఆ చెయ్యి దానంతటదే నోటి దగ్గరికి వెళ్ళింది. కొరికింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతుండగా, నోటి నిండా రొట్టెతో, కెమెరా ముందు నిలబడి నమిలింది.

మింగడం అయ్యేసరికి సైరను ఆగిపోయింది. ఉలీసెస్ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"నేను చెప్పాల్సింది చెప్పలేదు బాబూ. ఇంకోసారి తియ్యండి."

"అక్కర్లేదండీ. మీ ముఖమే అంతా చెప్పేసింది" అని ఆమెకు తగిలించిన మైకు తీసేసుకున్నాడు.

ఆదివారం నాటికి ఆ వీడియో ఊరంతా తిరిగింది. పక్కింటావిడ ఫోను పట్టుకొచ్చి రెఫూహియోకు చూపించి వెళ్ళింది. కళ్ళజోడు లేకపోవడంతో కింది అక్షరాలు ముసలావిడకు ఆనలేదు, కూతురి ముఖం మాత్రం ఆనింది. ఒబ్దూలియా వంటింట్లోకి వచ్చేసరికి ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"అంతమందిలో నోరు జారలేదే నువ్వు. రొట్టె తిని ఊరుకున్నావు. నా తల్లే."

ఈత్సెల్ పకపకా నవ్వింది. "అమ్మ ఎంత ధైర్యంగా మాట్లాడిందో అని అందరూ ఒకటే మెచ్చుకోవడం, అమ్మమ్మా. నా ఉద్యోగం కూడా ఖాయం చేసేశారు."

"నేనేం మాట్లాడలేదే" అంది ఒబ్దూలియా.

"అదేనమ్మా అందులో గొప్ప" అని ఈత్సెల్ మళ్ళీ ఫోన్లో తల దూర్చింది.

ఒబ్దూలియా చేతిలో గుడ్డ పక్కన పడేసింది. రొట్టెల అరల ముందు అనుకున్న మాటలు ఆ క్షణాన ఒక్కటీ గుర్తు రాలేదు. వచ్చినదే అనేసింది.

"అమ్మా, గురువారాలు నేను నూలు కోసం వెళ్ళడం లేదు."

రెఫూహియో ముఖంలో నవ్వు పోయింది. ఆవిడ కూతురి వైపు చూడకుండా బల్ల మీది బొలీయో తీసుకుని రెండుగా తుంచింది. ఒక సగం కూతురి చేతిలో పెట్టి, రెండోది తన నోట్లో పెట్టుకుంది. ఆవిడ నమిలి మింగేదాకా ఒబ్దూలియా అలాగే నిలబడింది.

"ఈ గురువారం వచ్చేటప్పుడు కాస్త నూలు తీసుకురా, నీలంది" అంది ముసలావిడ చివరికి. "ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది."

"అలాగేనమ్మా" అని ఒబ్దూలియా చేతిలోని రొట్టె కొరికింది.