గొంతు పోయిన జీతగాడు

పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసేవాళ్లం మాటలను చెవులతో వినం. మగ్గాల మోతలో ఎంత అరిచినా దండగే. పెదవుల కదలిక చూసి మాట్లాడుకుంటాం, తిట్టుకుంటాం కూడా. డెబ్బైల చివర్లో వరంగల్‌లో మా బతుకంతా అలాగే గడిచింది.

ఏటా షెడ్డు ముందర పందిరి వేసి ఒక హాస్య నాటిక ఆడేవాళ్లం. అందులో నేను దొరను. పక్క మగ్గాల మీద పనిచేసే అన్న నా జీతగాడు. నేను జనం వైపు తిరిగి గొప్పలు పోతుంటే, ఆయన నా వెనక నిలబడి ఎదురు మాటలు విసిరేవాడు. నేను విననట్టే ఉండాలి. జనం నవ్వు తగ్గుముఖం పట్టగానే నా మాట ఎత్తుకోవాలి. తొందరపడితే నవ్వు చచ్చిపోతుంది, ఆలస్యమైతే నేను చస్తాను.

ఆ ఏడు అన్నకు గొంతులో గడ్డ లేస్తే దవాఖానలో కోశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. జీతగాడి వేషం ఇంకొకరికి ఇద్దామన్నారు పెద్దమనుషులు. అన్న నా చొక్కా పట్టుకుని పెదవులు కదిపాడు.

"తమ్మీ, గిది గూడ పోతె నేను ఉన్నట్టా, సచ్చినట్టా?"

కాదనడం నాకు చేతకాలేదు.

పొద్దుగూకే వేళ నాటిక మొదలైంది. నా వెనక చడీచప్పుడు లేదు. ఎదుట మాత్రం, నేల మీద కూర్చున్న షెడ్డు జనమంతా ఒక్కసారిగా నవ్వారు. ముందు కుర్చీల్లో ఉన్న మా షెడ్డు యజమాని సేటు చుట్టాలకు పెదవులు చదవడం ఏం తెలుసు? మాటే లేకుండా ఈ నవ్వేమిటని బెదిరి వెనక్కి చూశారు. నేను మాత్రం ఆ నవ్వునే ఆధారం చేసుకుని నా మాటలు చెప్పుకుంటూ పోయాను.

సగంలో, నవ్వు రాకూడని చోట నవ్వొచ్చింది. అందరూ నన్నే చూస్తున్నారు. నవ్వుతూనే మెల్లగా తలలూపారు. తిరిగి చూస్తే దొర వేషం చెడుతుంది. అసలు నా వెనక మనిషి ఉన్నాడా లేడా అని నిజంగా భయపడ్డాను.

ఆట అయ్యాక, మా షెడ్డులో నూలు కండెలు చుట్టే అక్కను ఆపి, "అన్న నడుమ ఏమన్నడక్కా?" అని అడిగాను. ఆమె కళ్లు తుడుచుకుంటూ చెప్పింది.

"నీ దిక్కు ఏలు సూపిచ్చి, 'వీనికి నేను ఇనవడ్తలేను, మీకు ఇనవడ్తాన్న గదా?' అన్నడు. అవునన్నం."