అట్ట కింద కుట్టు

బైండరమ్మ చాకు మొనను పాత దారం కిందికి పోనిచ్చి ఒక్కో కుట్టూ తెంపుతోంది. నల్ల అట్ట అప్పటికే ఊడి బల్ల మీద వెల్లకిలా పడి ఉంది. ఎండిన జిగురు పొట్టులా రాలుతోంది. భర్త పోయాక, ఆయన కుట్టిన పుస్తకాలనే విప్పి చూసి నేర్చుకున్న పని ఇది. గురువు లేడు. తప్పు కుట్టినప్పుడల్లా విప్పడమే పాఠం.

ఈ బైబిలు ప్రార్థనక్కది. ఆవిడ గొంతెత్తితే చర్చిలో ఫ్యాన్లు కూడా అలిసిపోతాయని అందరూ పెట్టిన పేరు అది. పుస్తకం బాగుచెయ్యమని ఇచ్చి వెళ్ళిన మరుసటి ఆదివారమే ఆవిడ గొంతు బైండరమ్మ కొంప ముంచింది.

బైండరమ్మ తమ్ముడు దొంగతనం కేసులో జైలుకెళ్ళి వచ్చాడు. వచ్చాక బుద్ధిగా ఓ గోడౌన్లో కాపలాకి కుదిరాడు. యజమానికి పాత సంగతి తెలియదు. నమ్మకం కుదిరాక తనే చెప్పుకుంటానన్నాడు. ఆ దిగులు లోపల తొలుస్తుంటే, ఆమె ప్రార్థనక్క చేతులు పట్టుకుని అంతా చెప్పింది. "నీ కడుపులో దాచుకో అక్కా" అని మరీ చెప్పింది.

ఆదివారం ఆవిడ మైకు ముందు కళ్ళు మూసుకుంది. "ప్రభువా, జైలు నుంచి వచ్చిన మా బైండరు చెల్లి తమ్ముణ్ణి, గోడౌన్ తాళాలు పట్టుకున్న ఆ బిడ్డని, మళ్ళీ దొంగతనంలో పడనివ్వకు!"

ముందు బెంచీలోంచి అందరికంటే గట్టిగా "ఆమేన్" అన్నది గోడౌన్ యజమానే. మర్నాడు పొద్దున్నే తాళాలు తీసేసుకున్నాడు.

తమ్ముడు గుమ్మంలో కూచుని ఆమె చేతుల వంకే చూస్తున్నాడు.

"ఇంకా దాన్ని ముస్తాబు చేస్తున్నావా అక్కా?"

"పని ఒప్పుకున్నాను కదరా."

"అయితే ఒక్క కాగితాల మడత కుట్టకుండా వదిలెయ్. పైన అట్ట పడితే ఎవడు చూస్తాడు? ఏదో ఒక రోజు మైకు ముందే పేజీలు జారిపోవాలి. అప్పుడు నేనూ అంటా, ఆమేన్ అని."

ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే సూది ఒక మడతని దాటేసింది. మిగతావన్నీ కుట్టి, పుస్తకం వీపుకి రాద్దామని కుంచెను జిగురులో ముంచింది.

వదిలేసిన మడత కీర్తనలది. అంచున ఎర్రటి మందు మరక. ఆస్పత్రిలో భర్త ఆఖరి జ్వరంతో పడి ఉంటే, ప్రార్థనక్క ఒక చేత్తో ఈ పేజీ పట్టుకుని చదువుతూ, రెండో చేత్తో ఆయన నోట్లో మందు పోసింది. చెంచా తొణికింది. ఆ రోజుల్లో పక్కన కూచున్నది ఆవిడొక్కతే. అందుకే కదా చెప్పుకుంది! పరాయి మనిషి చేసుంటే ఇంత మండేది కాదు.

కుంచె పక్కన పెట్టింది. అట్ట పడితే మనుషులకి కనపడదు, నిజమే. కానీ నలుగురిలో నిలబడి ప్రార్థించడం ఆమెకి ఏనాడూ చేతకాలేదు. ఆమె భక్తంతా ఎవరూ చూడని ఆ కుట్టులోనే ఉంది. ఆ మడత దాకా దారం వెనక్కి విప్పింది.

"అంటే, ఆవిణ్ణి క్షమించేశావన్నమాట" అన్నాడు తమ్ముడు.

"లేదురా. క్షమించడం ఇంకా నా వల్ల కావట్లేదు. కుట్టడం అవుతోంది. అయ్యేది ముందు చేస్తున్నా."

జిగురు ఆరి, కొత్త అట్టతో పుస్తకం బరువురాళ్ళ కింద నుంచి తిన్నగా బయటికొచ్చాక ప్రార్థనక్క వచ్చింది. పుస్తకం నిమిరి, "బంగారు చేతులే చెల్లీ నీవి! తమ్ముడెలా ఉన్నాడు? ఏమైనా ఉంటే చెప్పు, ప్రార్థనలో పెడదాం" అంది.

"వాడి పని పోయింది అక్కా. నువ్వు మైకులో చెప్పిన మర్నాడే."

ఆవిడ పుస్తకం మీంచి చెయ్యి తీసేసింది. "అయ్యో, నేను దేవుడితో చెప్పానే!"

"దేవుడికి నేను ముందే చెప్పుకున్నా. నీకు చెప్పింది నువ్వు దాచుకుంటావని."

బైండరమ్మ కీర్తనల దగ్గర పుస్తకం తెరిచి, మరక ఉన్న మడతని రెండు వేళ్ళతో గట్టిగా లాగి చూపించింది. కదల్లేదు. మూసి, రెండు చేతులతో ఆవిడకి అందించింది.

"కొత్త కుట్టు. కొన్నాళ్ళు మెల్లగా తెరువు."